అడీనియం దుంప మెత్తబడిందా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎడారి గులాబీ అని పిలిచే అడీనియం గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. దుంప అంటే కాండం అడుగున నీళ్లు దాచుకునే లావుపాటి భాగం. ఒకే సంగతిని నలుగురైదుగురు అడిగిన చోట కలిపి ఒక్క జవాబే ఇచ్చాం. కుళ్లు ప్రశ్న అన్నిటికన్నా తొందరపెట్టేది కాబట్టి దాంతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: మా అడీనియంకు మూడేళ్లు. పది రోజులుగా దుంప నొక్కితే లోపలికి పోతోంది. దాహమేమోనని రోజూ నీళ్లు పోస్తున్నాను. అయినా ఆకులు పండి రాలిపోతున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నీళ్లు ఆపేయండి. మిగతాది తర్వాత.

దుంప మెత్తబడటానికి రెండే కారణాలుంటాయి. ఒకటి దాహం, రెండోది కుళ్లు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం పూర్తిగా ఎదురెదురు. దాహమైతే దుంప అన్ని వైపులా సమానంగా లొంగుతుంది, చర్మం మీద సన్నటి ముడతలు పడతాయి, కుండీ ఎత్తితే తేలిగ్గా వస్తుంది, మట్టి అడుగుదాకా పొడిగా ఉంటుంది. అలాంటప్పుడు ఒక్కసారి నిండుగా నీళ్లు పోస్తే రెండు మూడు రోజుల్లో దుంప మళ్లీ బిర్రుగా తయారవుతుంది. కుళ్లు అలా కాదు. ఒక పక్కనో, మట్టిని ఆనుకున్న చోటో మొదలవుతుంది. అక్కడ వేలు పెట్టి నొక్కితే చర్మం లోపలి కండను వదిలేసి జారినట్టు కదులుతుంది. ఒక్కోసారి గోధుమరంగు నీరు ఊరుతుంది, వాసన వస్తుంది. మట్టి తడిగా ఉండి దుంప మెత్తగా ఉందంటే ఇక అనుమానం అక్కర్లేదు. పది రోజులు నీళ్లు పోసినా మీ దుంప గట్టిపడలేదు కాబట్టి మీది కుళ్లే. వేళ్లు పోయాక మొక్క నీళ్లు తాగలేదు. ఆకులు దాహంతో వాలతాయి, మనం ఇంకా పోస్తాం, కుళ్లు ఇంకా పెరుగుతుంది.

ఈ రోజే కుండీలోంచి తీసేయండి. మట్టంతా దులిపి వేళ్లు కడగండి. పదునైన చాకును స్పిరిట్‌తో తుడిచి, మెత్తబడ్డ భాగాన్ని పలచని చెక్కలుగా కోసుకుంటూ పొండి. కుళ్లిన కండ గోధుమరంగులో, ఉడికిన దుంపలా ఉంటుంది, దాన్నుంచి పాలు కారవు. మంచి కండ తెల్లగా లేదా లేత మీగడ రంగులో గట్టిగా ఉండి, కోయగానే పాలు చిమ్ముతుంది. పాలు కనబడగానే ఆగిపోకండి. కోత ముఖాన్ని కడిగి, వెలుతురులో పెట్టి చూడండి. తెల్లటి కండ మధ్యలో గోధుమ చుక్కో, సన్నటి గీతో కనిపిస్తే కుళ్లు అక్కడిదాకా పాకినట్టే. ఇంకో చెక్క తీయాలి. ప్రతి చెక్కకూ చాకు తుడవాలి, లేకపోతే మన చేతులతో మనమే కుళ్లును పైకి ఎక్కిస్తాం. సగం దుంప పోయినా ఫర్వాలేదు, ఈ మొక్క తట్టుకుంటుంది. చిన్న చుక్క మిగిలితే మాత్రం తట్టుకోదు.

కోసిన చోట పాలు కడిగేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ మాంకోజెబ్ గానీ, అంటే ఏదో ఒక శిలీంద్రనాశినిని, నీటితో ముద్దలా కలిపి పూయండి. ఆకులు సగానికి పైగా తుంచేయండి. వేళ్లు లేని మొక్క అన్ని ఆకుల్ని పోషించలేదు. ఆ తర్వాత మొక్కను గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయండి, లేదా జల్లెడ లాంటి దాని మీద పడుకోబెట్టండి. చిన్న గాయమైతే నాలుగైదు రోజులు, అరచేయంత గాయమైతే పది పదిహేను రోజులు పడుతుంది. గాయం మీద వేలుపెడితే అట్టముక్కలా గట్టిగా, పొడిగా తగలాలి. అప్పుడు కొత్త పొడి మిశ్రమంలో నాటి, వారం ఆగి మొదటి నీళ్లు పోయండి. మట్టి లేకుండా రెండు వారాలు ఉంటే చచ్చిపోదా అని అడుగుతారు. చావదు. దుంపలో దాచుకున్న నీళ్లతో నెలల తరబడి నెట్టుకొస్తుంది.

కుళ్లు అప్పటికే కొమ్మల్లోకి ఎక్కి ఉంటే దుంప మీద ఆశ వదులుకోండి. పైన తెల్లగా, బాగున్న కొమ్మ చివర్లు కోసుకోండి. అవి అంటు కట్టడానికి పనికొస్తాయి.

ప్రశ్న: అసలు ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి? ఒకరు వారానికోసారి అంటారు, ఒకరు రోజూ అంటారు.

జవాబు: ఇద్దరిదీ నిజమే, ఇద్దరి కుండీలూ వేరు. రోజులు లెక్కపెట్టడం మానేసి, కుండీ అడుగుదాకా దిగేంత పొడవున్న సన్నటి పుల్లను అంచు దగ్గర గుచ్చి పెట్టుకోండి. నీళ్లు పోయాలనిపించినప్పుడు దాన్ని బయటికి లాగి చూడండి. కింది సగం తడిగా ఉన్నా, మట్టి అంటుకుని వచ్చినా ఇంకా టైముందన్నమాట. పుల్ల పొడిగా వచ్చిన రోజే పోయాలి. కొన్నాళ్లకు పుల్ల కూడా అక్కర్లేదు, కుండీ ఒక పక్క పైకెత్తగానే బరువు చెప్పేస్తుంది.

అంచనా కోసం చెప్పాలంటే, బాగా ఎండ, వేడి ఉండి కొత్త ఆకులు వేస్తున్న రోజుల్లో చిన్న మట్టికుండీ రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. పెద్ద ప్లాస్టిక్ కుండీకి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగుతుంటే ఆ వ్యవధిని రెట్టింపు చేయండి. 10 డిగ్రీల కిందికి పోయి, ఆకులన్నీ రాలిన మొక్కకు నీళ్లు దాదాపు ఆపేయాలి. దుంప బాగా ముడతపడితే మూడు నాలుగు వారాలకోసారి కొద్దిగా పోస్తే చాలు.

పోసిన రోజు మాత్రం పిసినారితనం వద్దు. కింది రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా పోయండి. రోజుకో అరగ్లాసు పోసే అలవాటు రెండు విధాలా చెడ్డది. పై రెండు అంగుళాలు ఎప్పుడూ తడిగా ఉండి దుంప మెడ కుళ్లుతుంది, అడుగు వేళ్లు ఎండిపోతాయి. పైగా ఎరువుల్లోని లవణాలు కొట్టుకుపోక మట్టి మీద తెల్లటి పొరలా పేరుకుంటాయి. కుండీ కింద పళ్లెం ఉంటే తీసేయండి.

ఒక వాన తడిపి వెళ్లిపోతే ఈ మొక్కకు మంచిదే, ఆకుల దుమ్ము కూడా పోతుంది. మూడు నాలుగు రోజులు ముసురు పట్టేలా ఉంటే చూరు కిందికి జరపండి. జరపలేనంత బరువైతే కుండీని ఒక పక్కకు ఒరిగించి కింద ఇటుక పెట్టండి.

ఇంకో మాట. ఎడారి మొక్క కదా, నీళ్లు లేకపోయినా పూస్తుందనుకోవడం పొరపాటు. నీళ్లు లేకుండా బతుకుతుందంతే. సొంత నేల మీద కూడా అది కరువు కాలంలో ఆకులు రాల్చి పడుకుంటుంది. ఎండ నిండుగా ఉన్న రోజుల్లో ఈ మొక్క తాగే నీళ్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అప్పుడు ఎండగడితే ఆకు చిన్నదవుతుంది, దుంప పెరగదు, మొగ్గ ఆగిపోతుంది.

ప్రశ్న: ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమానంగా కలిపి నాటాను. నీళ్లు పైనే నిలబడుతున్నాయి. ఇసుక వేశాను కదా, ఎందుకిలా?

జవాబు: ఇసుక సన్నదై ఉంటుంది. సన్న ఇసుక మట్టి రేణువుల సందుల్లో ఇరుక్కుని, ఉన్న ఖాళీని కూడా మూసేస్తుంది. మీ మిశ్రమం తడిసి ఆరాక ఇటుకలా గట్టిపడుతుంది. అడీనియంకు కావలసినది 2 నుంచి 5 మిల్లీమీటర్ల గింజ, అంటే పెసరగింజ సైజు ముతక. ముతక ఇసుక జల్లించి, కింద రాలిన సన్నటిది పారేసి, పైన మిగిలినదే వాడండి.

మేం సూచించే పాళ్లు ఇవి: కడిగిన ముతక ఇసుక నాలుగు పాళ్లు, పెర్లైట్ లేదా ప్యూమిస్ (రెండూ గాలి గుల్లలున్న తేలికపాటి రాతి గుళికలే) రెండు పాళ్లు, చిన్న బొగ్గుముక్కలు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒకటిన్నర పాళ్లు, బాగా మాగిన వర్మీకంపోస్టు ఒకటిన్నర పాళ్లు. పెర్లైట్ దొరక్కపోతే దాని బదులు ఇటుక నలగ్గొట్టి, దుమ్ము కడిగేసి వాడొచ్చు. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడు సార్లు నీళ్లు మార్చి నానబెట్టి, పిండి, ఆ తర్వాత కలపండి. వానలు ఎక్కువ పడే చోట పొట్టు, కంపోస్టు చెరో అర పాలు తగ్గించండి. ఎండ మండిపోయే పొడి చోట తగ్గించాల్సిన పని లేదు.

కలిపాక కుండీలో నింపి నీళ్లు పోసి చూడండి. పది పదిహేను సెకన్లలో పైన చుక్క నిలవకుండా దిగిపోవాలి. లేకపోతే మొక్క పెట్టకముందే ఇంకాస్త ముతక కలపడం తేలిక.

కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా పోతాయని చాలామంది నమ్మకం. నిజానికి మట్టి సన్నటి సందుల్లోంచి రాళ్ల పెద్ద సందుల్లోకి నీరు సులువుగా దిగదు. మట్టి పూర్తిగా తడిసి బరువెక్కేదాకా రాళ్ల పైనే ఆగి ఉంటుంది. అంటే తడి ఉండే మట్టం వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద చిన్న జాలీ ముక్క చాలు. కుండీ దుంపకన్నా చుట్టూ మూడు నాలుగు సెంటీమీటర్లు వెడల్పుంటే సరిపోతుంది. చిన్న మొక్కకు పెద్ద కుండీ పెడితే వేళ్లు అందుకోలేని మట్టి రోజుల తరబడి తడిగా ఉండి కుళ్లు తెస్తుంది.

ప్రశ్న: ఇది గులాబీ జాతేనా?

జవాబు: కాదు, గన్నేరు కుటుంబం. నందివర్ధనం, బిళ్లగన్నేరు, దేవగన్నేరు దీని చుట్టాలే. డెన్మార్క్ నుంచి అరేబియాకు వెళ్లిన యాత్రాబృందంలోని పీటర్ ఫోర్‌స్కోల్ అనే శాస్త్రజ్ఞుడు 1763లో యెమెన్‌లోనే కన్నుమూశాడు. ఆయన రాసుకున్న వివరాలు 1775లో అచ్చయినప్పుడు ఈ మొక్కను గన్నేరుగానే లెక్కవేసి నీరియం ఒబీసం అన్నారు. 1819లో దీన్ని విడిగా అడీనియం ప్రజాతిలో చేర్చారు. ఆ పేరు యెమెన్‌లోని రేవు పట్టణం ఏడెన్ నుంచి వచ్చింది. ఒబీసం అంటే లావుపాటిది. ఆఫ్రికాలో సహారా దక్షిణపు అంచు నుంచి తూర్పు తీరం దాకా, అరేబియాలోనూ ఇది సహజంగా పెరుగుతుంది. యెమెన్‌కు చెందిన సొకోట్రా దీవిలోని రకం రాళ్ల మధ్య చెట్టంత మొదలుతో నిలబడుతుంది.

ప్రశ్న: మొగ్గలు బాగా వస్తాయి, విచ్చుకోకుండానే ఎండి రాలిపోతాయి. నా స్నేహితురాలి మొక్కకైతే మొగ్గే రాదు, కొమ్మలు మాత్రం బారెడు సాగాయి.

జవాబు: రెండు వేరు జబ్బులు.

మీ స్నేహితురాలి మొక్కకు ఎండ చాలడం లేదు, నత్రజని ఎక్కువవుతోంది. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా పడే ఎండ లేనిదే అడీనియం సరిగ్గా పూయదు. కిటికీ పక్కన వెలుతురు మనకు ఎక్కువనిపించినా దానికి చాలదు. నీడలోంచి ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలోకి తెస్తే మాత్రం దుంపకు ఎండ తగిలే వైపు చర్మం కాలి తెల్లబడుతుంది, ఆ మచ్చ మళ్లీ పోదు. మొదటి వారం పొద్దుటి ఎండ రెండు గంటలు, రెండో వారం నాలుగు గంటలు, అలా పెంచండి.

బారెడు కొమ్మల్ని కత్తిరించాలి. పువ్వు కొత్త చిగురు కొసనే వస్తుంది. ఒక కొమ్మను కోస్తే రెండు మూడు చిగుళ్లు పుడతాయి, అంటే రెండు మూడు పూగుత్తులు. చలి పూర్తిగా తగ్గి మొక్క మేలుకుంటున్నప్పుడు ఒక్కో కొమ్మను దాని మొదలు నుంచి 8–10 సెంటీమీటర్లు ఉంచి, కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కోయండి. కోతకు ముందు వెనక మూడు నాలుగు రోజులు వాన తడవకుండా చూడండి. పాలు తడిబట్టతో ఒత్తి, శిలీంద్రనాశిని ముద్ద రాయండి. ఆకులు లేని మొక్క తక్కువ తాగుతుంది కాబట్టి చిగుళ్లు వచ్చేదాకా నీళ్లు తగ్గించండి. రెండు రెండున్నర నెలల్లో మొగ్గలు చూస్తారు.

చిగుళ్లు వేస్తున్నప్పుడు 19:19:19 ఎరువు (ఈ అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున పదిహేను రోజులకోసారి. మొగ్గ కనపడే వేళకు దాన్ని ఆపి, 0:52:34 అదే మోతాదులో రెండు మూడు సార్లు. ఎప్పుడైనా తడి మట్టికే పోయాలి, ఎండిన వేళ్ల మీద ఎరువునీళ్లు పడితే మాడిపోతాయి. యూరియా అక్కర్లేదు.

ఇక మీ మొగ్గల సంగతి. మొగ్గ వచ్చాక కుండీ స్థానం మార్చారా? నాలుగు రోజులు పూర్తిగా ఎండగట్టి ఆ తర్వాత ముంచెత్తారా? 40 డిగ్రీల వేడి నడుస్తోందా? ఈ మూడింటిలో దేనికైనా మొగ్గలు రాలతాయి. ఇవేవీ కాకపోతే ఒక ఎండిన మొగ్గను తెల్లకాగితం మీద విదిలించండి. సన్నటి గీతల్లాంటి పురుగులు పరుగెడితే తామర పురుగులు. అవి మొగ్గలోపలే రసం పీల్చి, రేకులు వంకరపోయేలా, అంచులు మాడేలా చేస్తాయి. ఆ మొగ్గలన్నీ తుంచి పారేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, 1–2 మిల్లీలీటర్ల ద్రవసబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వారానికోసారి మూడు సార్లు. ఎండలో కొడితే నూనె ఆకును కాల్చేస్తుంది.

ప్రశ్న: మా మొక్క రెండేళ్లుగా విరగబూస్తోంది, ఒక్క కాయ కూడా లేదు. చేత్తో పరాగసంపర్కం చేయొచ్చంటారు, పుప్పొడే కనపడటం లేదు.

జవాబు: కనపడదు, దాచిపెట్టుకుంటుంది. పువ్వు గొంతులోకి చూస్తే మెలితిరిగిన దారాల్లాంటివి బయటికి వచ్చి ఉంటాయి. అవి పుప్పొడి కావు, కేసరాల తోకలు. ఒక పువ్వు కోసి గొట్టాన్ని నిలువునా చీల్చండి. అడుగున ఐదు కేసరాలు ఒకదానికొకటి ఒరుసుకుని చిన్న శంకువులా నిలబడి ఉంటాయి, పైన సన్నటి నూగు. ఆ శంకువును సూదితో విప్పితే లోపల, కొస దగ్గర, లేత పసుపు పిండిముద్దలు కనిపిస్తాయి. పుప్పొడి అదే. దాన్ని అందుకోవాల్సిన జిగట భాగం శంకువు లోపలే, ఇంకాస్త కిందుగా ఉంటుంది. కాబట్టి పైనుంచి పువ్వుకు పువ్వు రుద్దితే ఏమీ జరగదు.

తెరిచి ఒకటి రెండు రోజులైన పువ్వుల్ని తీసుకోండి. తండ్రి పువ్వులోని పిండిముద్దను కాస్త తడిపిన సన్నటి పుల్ల కొసకు అంటించుకోండి. తల్లి పువ్వును మొక్క మీదే ఉంచి, గొట్టాన్ని ఒక పక్క జాగ్రత్తగా చీల్చి, శంకువు మొదలు కనపడేలా చేయండి. రెండు కేసరాల మధ్య అడుగున చిన్న చీలిక ఉంటుంది. పుల్ల కొసను అందులోంచి దూర్చి, లోపల పుప్పొడి వదిలి తీయండి. ఒకే మొక్క పుప్పొడి దానికే కట్టడం అరుదు. విత్తనం నుంచి వచ్చిన ఇంకో మొక్క కావాలి. మీకు కాయలు రాకపోవడానికి బహుశా అదే కారణం. మొదట పది పువ్వులకు ఒకటి నిలిస్తే గొప్పే, చెయ్యి తిరిగాక లెక్క మారుతుంది.

కట్టిన పువ్వు రాలాక, కొద్ది రోజుల్లో అక్కడ జంటకొమ్ముల్లా కాయలు లేస్తాయి. అవి మాగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కాయ రంగు మారడం మొదలుకాగానే దారంతో రెండు మూడు చోట్ల కట్టేయండి, లేదా జాలీ సంచి తొడగండి. పగిలిన గంటలో గింజలన్నీ గాలికి ఎగిరిపోతాయి. గింజకు రెండు కొసలా దూదికుచ్చు ఉండేది అందుకే.

ప్రశ్న: గింజలు నాటితే మొలిచి, వారానికి మొదలు దగ్గర నీరుగారి పడిపోయాయి.

జవాబు: శిలీంద్రం. దూదికుచ్చులు తీయకుండా నాటారా? తడిసిన దూది మీదే బూజు మొదలవుతుంది.

తాజా గింజలు తీసుకోండి, ఏడాది దాటితే మొలక శాతం బాగా పడిపోతుంది. కుచ్చులు నలిపి తీసేసి, గోరువెచ్చటి నీళ్లలో రెండు గంటలు నానబెట్టండి. సగం పెర్లైట్, సగం కడిగిన కొబ్బరిపొట్టు కలిపిన మిశ్రమంలో గింజను పడుకోబెట్టి, పైన మూడు మిల్లీమీటర్లు మించకుండా కప్పండి. 27–32 డిగ్రీల వేడిలో మూడు నుంచి ఏడు రోజుల్లో మొలుస్తాయి. మూత పెట్టి ఉంటే సగం మొలవగానే తీసేయండి. ఉక్కపోతలో మొలక నిలవదు. అప్పటినుంచి పొద్దుటి ఎండ, గాలి కావాలి. నీళ్లు కింది నుంచి పీల్చుకునేలా పళ్లెంలో పెట్టి, పైన తడి కనపడగానే తీయండి. చిన్న మొక్కల్ని పెద్దవాటిలా ఎండగట్టకూడదు, వాటి దుంపలో ఇంకా నిల్వ లేదు. ఆరేడు ఆకులు వచ్చాక విడదీసి నాటండి.

మొదటి పువ్వుకు ఏడాది నుంచి రెండేళ్లు. తల్లి రంగే వస్తుందని ఆశపడకండి.

ప్రశ్న: అయితే నచ్చిన రంగు రావాలంటే కొమ్మ నాటుకోవచ్చా?

జవాబు: రంగు వస్తుంది, దుంప అందం రాదు. కొమ్మ నుంచి పెరిగిన మొక్కకు వేళ్లు లావెక్కినా, గింజ మొక్కకు వచ్చే నిండైన దుంప రావడం అరుదు. రెండూ కావాలంటే గింజ మొక్క మీద అంటు కట్టాలి.

పెన్సిల్ లావైన కాండం, వెచ్చటి వాతావరణం ఉండాలి. ముందు రెండు మూడు రోజులు నీళ్లు ఆపితే పాలు తక్కువ కారతాయి. కింది మొక్కను అడ్డంగా కోసి, మధ్యలో రెండు సెంటీమీటర్ల లోతున చీల్చండి. అదే లావున్న 5–8 సెంటీమీటర్ల కొమ్మకు ఆకులన్నీ తీసి, కింది కొసను రెండు వైపులా చెక్కి V ఆకారపు చీలలా చేయండి. బ్లేడు కొత్తదై ఉండాలి, ఒక్క ఊపులో కోయాలి. రంపంలా కోస్తే ముఖం గరుకై మధ్యలో గాలి ఉండిపోతుంది. పాలు తుడిచి, వెంటనే చీలికలో దిగ్గొట్టి, బెరడు కిందున్న పచ్చటి పొర రెండిటిదీ కనీసం ఒక పక్కన కలిసేలా చూడండి. అంటు కట్టే టేపుతో కింది నుంచి పైకి బిగించి, పైన చిన్న పాలిథిన్ కవరు తొడిగి మెడ దగ్గర కట్టి, నీడలో పెట్టండి.

రెండు మూడు వారాల్లో చిగురు కదిలితే పట్టినట్టే. కవరుకు ముందు కొస కత్తిరించి, మూడు నాలుగు రోజుల తర్వాత పూర్తిగా తీయండి. టేపు ఇంకో నెల ఉండనివ్వండి. అంటుకింద కింది మొక్క చిగుళ్లు వేస్తే ఎప్పటికప్పుడు గిల్లేయాలి. వదిలేస్తే అవే బలం లాగేసి, కష్టపడి కట్టిన కొమ్మను ఎండగడతాయి.

ప్రశ్న: రాత్రికి రాత్రి ఆకులన్నీ మాయమయ్యాయి. పురుగు కనపడలేదు.

జవాబు: కుండీ కింద నల్లటి గుళికల్లాంటి రెట్టలు ఉన్నాయేమో చూడండి. ఉంటే గన్నేరు చిమ్మట గొంగళి. చూపుడువేలంత పెరిగినా ఆకు రంగులో ఉండి కంటికి ఆనదు. తల వెనక నీలపు కళ్లలాంటి రెండు మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము గుర్తులు. చేత్తో ఏరేయండి, మందు అనవసరం. ఆకులు రెండు మూడు వారాల్లో మళ్లీ వస్తాయి. అందాకా నీళ్లు తక్కువ.

ఆకులు మాయం కాకుండా బూడిదరంగు తిరిగి, వెనక సన్నటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి. దానికి ఆకు వెనక వైపు నీటిధారతో కడగడమే సగం మందు. బాగా పెంచుతున్నా మొక్క ఎదగకుండా కూర్చుంటే ఒకసారి కుండీలోంచి తీసి చూడండి. వేళ్లకు తెల్లటి పిండి అంటుకుని ఉంటే వేరు పిండినల్లి. మట్టి మొత్తం పారేసి, వేళ్లు కడిగి, కొత్త మిశ్రమంలో కొత్త కుండీలో పెట్టాలి. పాత మట్టి ఇంకో మొక్కకు వేయొద్దు.

ప్రశ్న: దుంపను మట్టిపైకి ఎత్తితే లావవుతుందంటారు. నిజమా?

జవాబు: లావు కాదు, కనపడుతుంది. మట్టిలో దాగిన లావు వేళ్లు బయటపడి మొక్క గంభీరంగా ఉంటుంది, అంతే. నిజానికి మట్టిలో ఉన్నప్పుడే అవి త్వరగా ఊరతాయి. అందుకే ప్రతి ఆరు నెలలకూ పీకి ఎత్తడం మాకు నచ్చదు. ఏడాదిన్నర, రెండేళ్లకోసారి కుండీ మార్చేటప్పుడు రెండు మూడు సెంటీమీటర్లు పైకి నాటండి, చాలు. పక్కకు పోయే లావు వేళ్లు ఉంచి, నిలువునా దిగేవి, వెంట్రుకల్లాంటి గుంపులు కోసేయండి. కోతలు వారం ఆరబెట్టాలి. కొత్తగా బయటపడ్డ వేళ్ల చర్మం లేతగా ఉంటుంది, రెండు వారాలు వాటి మీద గుడ్డ కప్పితే ఎండకు కాలవు.

ప్రశ్న: ఇంట్లో చిన్నపిల్లలు, కుక్క ఉన్నాయి. పాలు విషమా?

జవాబు: విషమే. గుండె మీద పనిచేసే పదార్థాలు మొక్క అంతటా ఉంటాయి. ఆఫ్రికాలో దీని రసాన్ని బాణాల కొసలకు పూసేవారు. మొక్కను ముట్టుకుంటే ఏమీ కాదు, పాలు మాత్రం చర్మానికి అంటకుండా, నోట్లోకి పోకుండా చూసుకోవాలి. కోత పనికి చేతితొడుగులు వేసుకుని, కోసిన ముక్కలు వెంటనే ఎత్తేయండి. కుక్క కొరికేది ఆ ముక్కల్నే. పాలు కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్లతో కడిగి డాక్టరుకు చూపించండి. నమిలి మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు, మొక్క కొమ్మ ఒకటి సంచిలో వేసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.